తొంభైలో స్టీరింగ్ ఊగుతోందని ర్యాక్ మార్చబాక తమ్ముడూ

ప్రశ్న: అన్నా నమస్తే. మాది కావలి పక్కన పల్లె, ఉద్యోగం ఒంగోల్లో. మా మేనమామ దగ్గర 2013 మోడల్ స్విఫ్ట్ డీజిల్ తీసుకున్నా, ఇప్పటికి 1,38,000 తిరిగింది. హైవే ఎక్కి 85 దాటితే స్టీరింగ్ ఊగడం మొదలవుద్ది, 95 దగ్గర చేతులు జివ్వుమంటాయి, 110 దాటితే మళ్ళీ తగ్గిపోద్ది. ఊళ్ళో తిరిగేటప్పుడు ఏమీ తెలీదు. బ్యాలెన్సింగ్ మూడుసార్లు, అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించా, ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించా. మధ్యలో ఒకసారి సింగరాయకొండ దగ్గర ముందు టైరు పంచరైతే వీల్ తీసి వేశారు, ఆ తర్వాత రెండు వారాలు ఊపే లేదు, సర్వీసుకిచ్చి తెచ్చుకున్నాక మళ్ళీ మొదలైంది. ఇప్పుడు మెకానిక్ స్టీరింగ్ ర్యాక్ మార్చాలి, పద్దెనిమిది వేలవుద్ది అంటున్నాడు. మార్చమంటారా, లేక బండే అమ్మేద్దామా? ఇంజన్ మాత్రం బంగారం. అలాయ్స్ (అల్యూమినియం రిమ్ములు) మామయ్య బయట వేయించినవి, కంపెనీ ఇనప రిమ్ములు ఇంకా వాళ్ళ గొడ్లచావిట్లో పడున్నాయి.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ ర్యాక్ సంగతి ఆపు, అదే, నువ్వు స్టీరింగ్ తిప్పితే చక్రాల్ని పక్కకి తిప్పే భాగం. అడ్వాన్స్ ఇచ్చుంటే పార్ట్ ఇంకా తెప్పించబాక అని ఈరోజే ఫోన్ చెయ్. ర్యాక్ పోతే గుంతల్లో టకటకమంటది, స్టీరింగ్ మధ్యలో లూజుగా ఉంటది, అది ముప్ఫైలోనే తెలుస్తది, తొంభైలో మొదలై నూటపదిలో ఆగిపోయే ఊపుకి ర్యాక్ కారణం కాదు. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడుతున్నాడు ఆ మెకానిక్. ఆయన మోసగాడని నేననడంలేదు, చేతికి తెలిసిన రిపేర్లన్నీ అయిపోయినాక మిగిలింది చెప్పాడు, అంతే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. నువ్వు ఖర్చులన్నీ పెద్దగా రాసి, అసలు విషయాలు రెండూ చివర్లో ఊరికే రాసినట్టు రాసినావు. పంచరు వేయించినాక రెండు వారాలు బాగుండటం ఒకటి, అలాయ్స్ బయట వేయించినవి కావడం రెండోది. ఈ రెండూ కలిపి చూస్తే నా అనుమానం ఒకేచోటికి పోతోంది, నీ చక్రం హబ్బు మీద, అంటే కారుకి చక్రం బిగించే చోట, నడిమధ్యలో కూర్చోవడంలేదు. ఎందుకంటున్నానో చెప్తా, కాస్త ఓపిగ్గా చదువు, నేను పద్దెనిమిదేళ్ళు నెల్లూర్లో టైర్ల షాపుల్లో బ్యాలెన్సింగ్ మెషీన్ దగ్గర నిలబడినోణ్ణి, ఈ జబ్బు మెషీన్ ముందు నిలబడి చూస్తే అస్సలు కనపడదు, అందుకే జనం దీనికి ఇంత డబ్బు తగలేస్తారు.

ఊపు సంగతి మొదట్నుంచీ చూద్దాం. నీ టైరు చుట్టుకొలత రెండు మీటర్లకి కాస్త తక్కువ. 90 స్పీడంటే సెకనుకి 25 మీటర్లు, అంటే చక్రం సెకనుకి దగ్గర దగ్గర 13 చుట్లు తిరుగుతోంది. అదే టైంలో ఇంజన్ 2000 ఆర్పీఎంలో ఉందనుకో, అది సెకనుకి 33 చుట్లు. కాబట్టి చక్రంలోంచొచ్చే ఊపు చేతికి దడదడదడ అని లెక్కపెట్టగలిగేటట్టు ఉంటది, ఇంజన్ లోంచొచ్చేది జుమ్ముమని సన్నగా తుమ్మెద మాదిరి ఉంటది. చేతులు జివ్వుమంటాయి అన్నావు గానీ దాని ముందు "ఊగడం" అని కూడా రాసినావు చూడు, ఆ మాటే నాకు పనికొచ్చింది.

మరి 110 దాటితే ఎందుకు తగ్గుద్ది? ఉయ్యాల ఊపినావు గదా చిన్నప్పుడు, సరిగ్గా వెనక్కొచ్చే టైంకి తోస్తే చిన్న తోపుకే పైకి పోద్ది, టైం తప్పి ఎంత తోసినా ఊగదు. చక్రం, హబ్బు, కింద ఆర్మ్ అన్నీ కలిసి సస్పెన్షన్ మీద ఊగడానికి వాటికంటూ ఒక వరస ఉంటది, కార్లలో అది మామూలుగా సెకనుకి పది నుంచి పదిహేను సార్ల మధ్య ఉంటది. నీ బండి 90, 95లో తిరిగే చుట్లు సరిగ్గా దాంట్లో పడుతున్నాయి. స్పీడు పెరిగితే ఆ వరస తప్పిపోద్ది, ఊపు తగ్గినట్టుంటది, అంతేగానీ రోగం పోలేదు. కొంతమంది ఇది తెలిసి 115లో పోతుంటారు, ఊపు లేదు గదా అని. అట్టా చెయ్యబాక. నాలుగు లేన్ల హైవేలో కార్లకి లిమిటే 100, పైగా ఊపు తెలీకపోయినా లోపల లాగుడు స్పీడుతోపాటు పెరుగుతానే ఉంటది, అదీ స్పీడు రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. ఊళ్ళో 45లో నీకేం తెలీదంటే అందుకే.

ఇప్పుడు అసలు లెక్క. రిమ్ము అంచున 20 గ్రాములు తేడా ఉంటే 90లో అది రెండున్నర కేజీల బరువు పెట్టి లాగినట్టు లాగుతుంది, సెకనుకి 13 సార్లు, ఒకసారి పైకి ఒకసారి కిందికి ఒకసారి ముందుకి. బ్యాలెన్సింగ్ మెషీన్ పట్టేది దీన్నే, సీసం ముక్క కొట్టి సరిచేసేదీ దీన్నే. బాగుంది. కానీ బ్యాలెన్స్ మొత్తం సరిగ్గా ఉన్న చక్రాన్ని తీసుకొచ్చి కారుకి అర మిల్లీమీటరు పక్కకి బిగించినావనుకో, అలాయ్ టైరు కలిపి పదిహేను కేజీల దాకా ఉంటది, ఆ పదిహేను కేజీలూ అర మిల్లీమీటరు పక్కకి జరిగితే అంచున 40 గ్రాముల తేడాతో సమానం. అంటే 90లో ఐదు కేజీల లాగుడు. అర మిల్లీమీటరు అంటే మన బొటనవేలి గోరు మందం, కంటికి ఆనదు.

కుమ్మరాయన సారె మీద మట్టిముద్దని చూసినావా ఎప్పుడైనా, ముద్ద ఎంత గుండ్రంగా ఉన్నా సరే నడిమధ్యలో పెట్టకపోతే సారె తిప్పంగానే వంకర్లు పోద్ది, ఆయన ముందు చేసే పని తడి చేతుల్తో దాన్ని మధ్యకి తేవడమే. ముద్దలో తప్పేం లేదు, పెట్టిన చోట ఉంది తప్పు.

కంపెనీ ఇనప రిమ్ముకి నడిమధ్య పెద్ద బెజ్జం ఉంటది, కారు హబ్బుకి మధ్యలో ఒక అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటది, ఆ అంచు మీద ఈ బెజ్జం బిగుతుగా కూర్చుంటది, ఇంక చక్రం పక్కకి పోడానికి లేదు. నీ స్విఫ్టుకి ఆ హబ్బు అంచు 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే అలాయ్స్ చేసేవాళ్ళు ఒక్కో కారుకి ఒక్కో బెజ్జం పెట్టరు, పెద్దగా పెట్టేస్తారు, 73.1 అనేది బాగా కనపడే సైజు, ఎందుకంటే అది చాలా కార్లకి ఎక్కేస్తది. మధ్యలో వచ్చే ఖాళీకి హబ్ రింగ్ అని ఒక సన్న ఉంగరం వెయ్యాలి, బయటి కొలత అలాయ్ బెజ్జానికి, లోపలి కొలత హబ్బుకి. షాపుల్లో చాలామంది అది వెయ్యరు. నట్లు నాలుగూ మొన తేలి ఉంటాయి గదా అవే మధ్యకి లాక్కుంటాయి అంటారు. మాట నిజమే, లాక్కుంటాయి, కానీ ఎప్పుడు? చక్రం గాల్లో ఉన్నప్పుడు, నాలుగు నట్లూ చేత్తో తిప్పి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తా పోతే. నట్లు బిగించే మెషీన్ గన్ను తీసుకుని మొదటి నట్టునే టర్రుమని చివరిదాకా బిగించేస్తే చక్రం ఆ పక్కకి అతుక్కుపోద్ది, మిగతా మూడూ ఇంక దాన్ని కదిలించలేవు.

ఇప్పుడు నీ కథ చూడు. సింగరాయకొండలో పంచరాయన గన్ను లేకుండా స్పానర్ పెట్టి చేత్తో వేసుంటాడు, అదృష్టంకొద్దీ చక్రం మధ్యలో కూర్చుంది, రెండు వారాలు హాయి. సర్వీసులో నాలుగూ తీసి గన్నుతో దడదడ వేసినారు, మళ్ళీ పక్కకి పోయింది. టైరు చెడిపోయుంటే, బేరింగు పోయుంటే, ర్యాక్ పోయుంటే పంచరు వేసినంత మాత్రాన రెండు వారాలు నయమై మళ్ళీ వస్తదా? విప్పి బిగించినప్పుడల్లా మారే రోగం బిగింపులోనే ఉంటది.

మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేసినా ఎందుకు పోలేదో కూడా ఇక్కడే ఉంది. మెషీన్ మీద చక్రాన్ని నడిబెజ్జంలో శంకువు లాంటి కోన్ దూర్చి బిగిస్తాం. అంటే మెషీన్ బెజ్జాన్ని మధ్య అనుకుంటది, కారేమో నట్లని మధ్య అనుకుంటది. రెండు మధ్యలూ వేరేవేరే. మెషీన్ మీద సున్నా సున్నా చూపిస్తది, షాపాయన నీకు చూపించి "చూడు సార్ జీరో" అంటాడు, అబద్ధం కాదు, నువ్వు హైవే ఎక్కుతావు, ఊగుతుంది, నువ్వు అతన్ని తిట్టుకుంటావు. నేను కూడా కొన్నేళ్ళు అట్టనే "జీరో సార్" అని పంపించినోణ్ణే, ఒక పాత ఫిట్టరు నా చేతికి వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) ఇచ్చి బెజ్జం కొలువు అనేదాకా తెలీలేదు.

సరే ఇదంతా నా అనుమానం, బండి నేను చూడలేదు. కాబట్టి చక్రం విప్పే ముందు ఒకతూరి రోడ్డు మీద బండినే అడుగు. పొద్దున్నే ఐదున్నరకి, రద్దీ లేనప్పుడు, పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకుని కావలి నుంచి సింగరాయకొండ వైపు పో. లోడు లారీలు తిరిగి కుంగిపోయిన లేన్లో టెస్ట్ చెయ్యబాక, రోడ్డు ఊపు నీ ఊపుతో కలిసిపోద్ది. 95కి తెచ్చి నిలకడగా పట్టుకో, ఊపు స్టీరింగులో ఉందా సీటు కింద ఉందా చూడు, స్టీరింగులో అయితే ముందు చక్రాలు, సీట్లో నడుం కింద అయితే వెనకవి. తర్వాత అదే స్పీడులో క్లచ్ తొక్కి పట్టుకో, బండి దానంతటది దొర్లుతుంది. ఇంజన్ ఆపబాక, చాలామంది ఇక్కడ తాళం తిప్పేస్తారు, బ్రేకు పెడలు గట్టిపడిపోద్ది, స్టీరింగ్ బరువెక్కుద్ది, తాళం బయటికి వచ్చిందంటే లాక్ పడుద్ది, ప్రాణం మీదకొస్తది. క్లచ్ తొక్కినా ఊపు అట్టనే ఉంటే ఇంజన్, క్లచ్, ఇంజన్ని పట్టి ఉంచే మౌంటింగులు అన్నీ లెక్కలోంచి తీసెయ్యొచ్చు. నీ బండికి అదే అవుద్దని నా నమ్మకం. మౌంటింగ్ పోయిన బండి సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డప్పుడు ఊగుద్ది, హైవేలో కాదు.

ఇంకొకటి గమనించు. ఊపు ఒకే మాదిరి ఉంటదా లేక కాసేపు పెరిగి కాసేపు తగ్గుతా ఉంటదా. పొడుగు ఒంపు తిరిగినాక పెరిగిందనో తగ్గిందనో అనిపిస్తే రెండు ముందు చక్రాల్లోనూ తేడా ఉందని అర్థం, ఒంపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరుగుద్ది గదా, రెండింటి బరువు వైపులూ ఒకసారి కలిసి ఒకసారి ఎదురై పోతుంటాయి. నాకు బాగా ఇష్టమైన గుర్తు ఇది, ఎవరూ దీన్ని పట్టించుకోరు.

బ్రేకు మెల్లగా వేసినప్పుడు మాత్రమే ఊపు పెరిగితే అది బ్రేకు డిస్కుల రోగం, దీని సంగతి వేరే. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఊగి, వదిలితే ఆగిపోతే లోపలి వైపు యాక్సిల్ జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగి చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటే వంగి చూస్తేనే తెలిసిపోద్ది. ఊఁ అని మూలుగు వినపడుతూ ఒక ఒంపులో పెరిగి ఇంకో ఒంపులో తగ్గితే బేరింగు. నీ ఉత్తరంలో వీటి ఛాయలేమీ లేవు, అయినా చెప్పినా.

టంగుటూరు టోల్ దాటినాక టీ కోసం ఆగుతావు గదా, రోడ్డు దిగి ఆపినాక నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి రిమ్ముకి బెత్తెడు దూరంలో పెట్టి చూడు, తాకబాక కాలుద్ది. మూడు ఒక మాదిరి ఉండి ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే ఆ బ్రేకు పట్టేసి ఉంది, ముందు చక్రమైతే క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) పిన్నులు ఎండిపోయుంటాయి, ముందు అది చూపించుకో.

ఆదివారం పూట ఇంటి దగ్గర పని. గట్టి నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి ఇటుకలు పెట్టి, నట్లు కొంచెం వదులు చేసి జాకీ ఎత్తు. జాకీని నమ్మి కిందికి మాత్రం దూరబాక. చక్రం గాల్లో ఉండంగానే పైన కింద పట్టుకుని ఊపు, ఆ తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపు. పైనా కిందా ఆడితే బాల్ జాయింటో బేరింగో, పక్కలకి ఆడితే టై రాడ్ ఎండు. లక్షా ముప్ఫై ఎనిమిది వేలు తిరిగిన బండికి లోయర్ ఆర్మ్ బుష్షులు (చక్రాన్ని పట్టుకునే కింద ఆర్మ్ రబ్బర్లు) ఎంతో కొంత పగిలుంటాయి, అవి ఊపుని పుట్టించవు, కానీ పుట్టిన ఊపుని అడ్డం లేకుండా నీ చేతులదాకా తెస్తాయి. కొత్త బండిలో డ్రైవరుకి తెలియని చిన్న తేడా కూడా నీ బండిలో తెలుస్తది. బుష్షులు మార్చుకో తప్పులేదు, కానీ ఊపుకి మందని మార్చబాక.

తర్వాత, ఒక ఇటుక మీద సుద్దముక్కనో పెన్సిలునో ఆనించి రిమ్ము అంచుకి వెంట్రుకవాసి దూరంలో పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పు. సందు ఒకచోట మూసుకుపోయి ఇంకోచోట తెరుచుకుంటుందా చూడు. పైకి కిందికి ఎగుడుదిగుడు అంటే చక్రం మధ్యలో లేదు లేకపోతే రిమ్ము గుండ్రం పోయింది, లోపలికి బయటికి అంటే రిమ్ము వంగింది లేకపోతే హబ్బు మీద ఆనలేదు. మిల్లీమీటరు దాటితే వదలబాక. అదే సుద్దముక్కని టైరు పైకి జరిపి మళ్ళీ తిప్పు, టైరులో ఒకచోట బొడుపు మాదిరి లేచి ఉంటే లోపల తీగల పట్టీ విడిపోయింది, ఆ టైరుతో ఇంక హైవే ఎక్కొద్దు. కొత్త టైరే కదా అని వదిలెయ్యబాక, కొత్తదైనా ఉంటది.

ఇక్కడ నా సొంత బాధొకటి చెప్తా. 2020 లాక్‌డౌన్లో నా పాత ఇండికా వేపచెట్టు కింద రెండు నెలలు కదలకుండా నిలబడింది. మళ్ళీ తీసినాక దడదడ. మామూలుగా ఇట్టా నిలబడి చదునైన టైర్లు ఇరవై ముప్ఫై కిలోమీటర్లు తిరిగి వేడెక్కితే గుండ్రం వచ్చేస్తాయి, నావి రాలేదు, గాలి కూడా తగ్గి నిలబడింది గదా. నేనేమో టైర్ల షాపు మనిషిని, నా టైర్ల మీద నాకే అనుమానం రాలేదు చూడు, ఒక మెకానిక్ మాట విని యాక్సిల్ విప్పించి మళ్ళీ వేయించినా. డబ్బు పోయె, ఊపు పోలా. చివరికి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చినాక ఊపు స్టీరింగులోంచి సీటు కిందకి పోయింది. అది చూసి నవ్వుకున్నా నామీద నేనే. చక్రాలు మార్చి చూడ్డానికి రూపాయి ఖర్చు లేదు, చక్రంతోపాటు ఊపు పోతే రోగం చక్రంలో ఉంది, ఊపు అక్కడే ఉంటే బండిలో ఉంది. కానీ నీ విషయంలో ఒక తిరకాసు, నువ్వు చక్రాలు మార్చినప్పుడు విప్పి బిగిస్తావు గదా, ఆ బిగింపుతోనే ఊపు మారిపోవచ్చు. అందుకే నీకు ఈ టెస్ట్ రెండోది, మొదటిది హబ్బే.

చక్రం విప్పంగానే ముందు రిమ్ము లోపలివైపు చూడు. పల్లెలో ఉంటావు, కయ్యల గట్ల మీద, రొయ్యల గుంటల గట్ల మీద తిప్పుంటావు, బురద లోపల పట్టి ఎండిపోయి గచ్చు మాదిరి గట్టిపడి ఉంటది. కోవూరు నుంచి ఒకాయన వరికోతలప్పుడు బండి తెచ్చేవాడు, బ్యాలెన్స్ చెయ్ అనేవాడు, నేను స్క్రూడ్రైవరు పెట్టి గీరితే గుప్పెడు మట్టి రాలేది, అంతే, మెషీన్ ఎక్కించకుండానే పంపించేవాణ్ణి, డబ్బులు తీసుకోలేక టీ తాగించుకునేవాణ్ణి. అలాయ్ అయితే లోపల అంటించిన సీసం ముక్కలు ఎన్నున్నాయో కూడా చూడు. పాతవి పీకకుండా కొత్తవి పక్కన అంటించి పోతుంటారు, ఒక చోట జిగురు మచ్చ ఉండి ముక్క లేకపోతే అది ఊడిపోయిందన్నమాట, తుడవకుండా దుమ్ము మీద అంటిస్తే మన ఎండలకి నిలవదు.

ఇక హబ్బు. మనది సముద్రపు గాలి, ఇనుము చూస్తుండంగానే తుప్పు పడుద్ది. హబ్బు ముఖం మీద తుప్పు పొక్కులు పొక్కులుగా ఉంటే చక్రం ఒక పక్క ఎత్తుగా ఆని కూర్చుంటది. వైర్ బ్రష్ పెట్టి మెరిసేదాకా రుద్దు, స్టడ్ల (నట్లు ఎక్కే బోల్టుల) మొదళ్ళలో కూడా, అలాయ్ వెనక ఆనే చోట కూడా. నడిమధ్య అంచుకి మాత్రం వేలి కొసతో కొంచెం గ్రీజు రాయి, స్టడ్లకి రాయబాక, ముఖానికి రాయబాక. ఇప్పుడు అలాయ్ బెజ్జం, హబ్బు అంచు రెండూ వెర్నియర్ పెట్టి కొలువు, నీ దగ్గర లేకపోతే ఏ లేత్ షాపులో అయినా ఉంటది, చక్రం తీసుకుపో. ఖాళీ ఉందంటే, ఉంటదనే నా పందెం, కొలత రాసిచ్చి నాలుగు అల్యూమినియం రింగులు తిప్పించుకో, లేదంటే ఆన్‌లైన్లో కొలత పెట్టి వెతికితే దొరుకుతాయి. ప్లాస్టిక్‌వీ ఉంటాయి, పనిచేస్తాయి, కానీ బ్రేకు వేడి ఎక్కువ తగిలే ముందు చక్రాలకి నేనైతే అల్యూమినియమే వేస్తా. రింగు చేత్తో నొక్కితే బిగుతుగా ఎక్కాలి, సుత్తితో కొట్టాల్సొస్తే సైజు తప్పు, గలగలలాడితే అంతకన్నా తప్పు.

బిగించేటప్పుడు నాలుగు నట్లూ చేత్తో తిప్పి, ఎదురెదురుగా రెండు రెండుగా స్పానర్ తో మోస్తరుగా బిగించి, చక్రాన్ని ఒకసారి ఊపి మళ్ళీ బిగించి, అప్పుడు జాకీ దించి చివరి బిగింపు ఇవ్వు. ఎంత బిగించాలో మాన్యువల్లో ఉంటది, టార్క్ రెంచి (బిగింపు కొలిచే స్పానర్) ఉన్న షాపు దొరికితే సరే, లేకపోతే కంపెనీ ఇచ్చిన స్పానర్ తో చేతి బలం చాలు. స్పానర్ మీద ఎక్కి తొక్కేవాళ్ళుంటారు, స్టడ్డు సాగుద్ది, డిస్కు వంకరపోద్ది. నట్లు అలాయ్ గుంతలో మొన సరిగ్గా కూర్చునేవేనా అని కూడా చూసుకో. యాభై, అరవై కిలోమీటర్లు పోయినాక, అంటే నీకు కావలి నుంచి ఒంగోలు పోయేలోపే వస్తది, ఇంకోతూరి బిగింపు చూడు. ఇది మర్చిపోబాక.

రింగులు వేసినాక ఒకసారి బ్యాలెన్సింగ్ మళ్ళీ చేయించాల్సిందే, పాతవన్నీ పీకించి. అక్కడ నిలబడి ఒక్క పని చేయించు. సున్నా వచ్చినాక చక్రాన్ని మెషీన్ మీదే వదులు చేసి, అరచుట్టు తిప్పి, మళ్ళీ బిగించి తిప్పమను. మళ్ళీ సున్నానో ఐదు గ్రాములో వస్తే ఆ షాపులో పని బాగుంది. ఇరవై, పాతిక చూపిస్తే కోన్ సరిగ్గా కూర్చోలేదు, లేదా మెషీన్ ఇరుసే అరిగింది, వాళ్ళు ఎన్నిసార్లు చేసినా అంతే. షాపాయన విసుక్కుంటాడు, విసుక్కోనీ, గమ్మున నిలబడు, డబ్బులు నీవి గదా. అలైన్‌మెంట్ మాత్రం ఈసారి చేయించబాక. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒకపక్కకి లాగుద్ది, టైరు ఒక అంచున అరుగుద్ది, స్టీరింగ్ ఊగదు. బాగా అరిగిపోయిన టైరు వల్ల దడ వస్తే అది వేరే సంగతి, నీవి కొత్తవి.

అమ్మేద్దామా అన్నావు. ఇంజన్ బంగారం అని నువ్వే రాసినావు, నాలుగు రింగులు లేక బండి అమ్ముకుంటావా? కొనేవాడు రింగులు వేసుకుని నిన్ను చూసి నవ్వుతాడు.

ఇదంతా చేసినా ఊపు మిగిలితే అప్పుడు నీ మామయ్య గొడ్లచావిడి పనికొస్తది. ఆ ఇనప రిమ్ములకి బెజ్జం సరిగ్గా 54.1, రింగుల గొడవే లేదు, అవి నాలుగూ ఎక్కించి ఒక్కసారి ఒంగోలు పోయొస్తే అలాయ్సా బండా అనేది తేలిపోద్ది. నువ్వు రాయలేదు గానీ వాటికి టైర్లు ఉన్నాయా, ఉత్త రిమ్ములేనా? ఉంటే పక్కన గోడ మీద నాలుగంకెలు ఉంటాయి చూడు, 2213 అంటే 2013లో 22వ వారం చేసింది. బండితో వచ్చినవే అయితే అవి హైవేకి పనికిరావు, ఇన్నేళ్ళు గొడ్లచావిట్లో పడున్న రబ్బరు, పైకి బాగున్నా వేడెక్కితే చీలిపోద్ది. అట్టయితే టైర్లు వద్దు, మీ ఊళ్ళోనో ఆఫీసులోనో స్విఫ్ట్ ఉన్న స్నేహితుణ్ణి పట్టుకుని ఒక ఆదివారం పూట చక్రాలు మార్చుకోండి. ఆ నాలుగంకెలు, వెర్నియర్ కొలతలు రెండూ రాసి పంపు, చూసి చెప్తా.